మేకన్ పట్టణమున నలువది రాత్రులు

మా కదిరి నుండి అమెరికా దేశమునకు బోయి వచ్చినవారు మా వీధిలోనే నలుగురైదుగురు కలరు. వారు చూచిన జలపాతములను, ఎత్తైన మేడలను గూర్చి వినివిని మా పిల్లలకు గూడ నవి కంఠపాఠమైనవి. నేను చూచి వచ్చిన ఊరి పేరు మాత్రము వారిలో నొక్కరును వినియుండలేదు. జార్జియా రాష్ట్రమున ఆక్మల్గీ యను నది యొడ్డున నున్న మేకన్ పట్టణ మది. నా చెల్లెలు నలువది రాత్రు లచట నొక ఆసుపత్రిలో నుండవలసి రాగా, దాని బిడ్డను జూచుకొనుటకై 2019 వ సంవత్సరము మే నెలలో నేను బోయితిని. ఊరు చూడవలెనను తలంపు నాకు లేకుండెను. పాపను వెంటబెట్టుకొని పగళ్లు తిరుగగా తిరుగగా ఆ యూరు నాకు పరిచయమైనది.

ముందు కారణము చెప్పవలెను. చెల్లెలు పెండ్లియై న్యూయార్కు రాష్ట్రమునకు కాపురమునకు బోయి అప్పటికి పదియేండ్లు. అచట నొక సంవత్సరము చదివి ప్రాక్టికల్ నర్సుగా లైసెన్సు పొంది, వృద్ధుల ఆశ్రమమున ఆరేండ్లు పనిచేసెను. ప్రాక్టికల్ నర్సునకు పై మెట్టు రిజిస్టర్డు నర్సు. జీతమును ఎక్కువ, బాధ్యతయు నెక్కువ. బిడ్డ పుట్టిన పిమ్మట కాలేజీకి బోయి చదువుట కుదరక, ఇంటనుండియే చదువ వీలగు నొక దూరవిద్యాలయమున జేరెను. పనిచేయుచు చదువదలచిన పెద్దవారి కొఱకు న్యూయార్కు రాష్ట్రపు రీజెంట్సు సభవారు 1971లోనే ఇట్టి బయటి పట్టాల పద్ధతి నెలకొల్పి యుండిరి గనుక, అది యచట వింత గాదు. పాపను ఒడిలో నిద్రబుచ్చుకొని మూడేండ్లు చదివినది. దేశమంతటికి నొక్కటియైన లైసెన్సు పరీక్షకు గూర్చున్నది. ఆనాడు ఆ పరీక్షలో కనీసము 75, గరిష్ఠముగా 265 ప్రశ్నలు వచ్చుచుండెను. వ్రాయువారి జవాబులను బట్టి యంత్రమే ఎక్కడ ఆపవలెనో నిర్ణయించును. చెల్లెలు మొదటిసారియే నెగ్గి, న్యూయార్కు లైసెన్సు చేత బుచ్చుకొన్నది. ఆ నెలలోనే మా మరిదికి అట్లాంటా నగరమునకు ఉద్యోగము మాఱినది.

అమెరికాలో నర్సు లైసెన్సు నిచ్చునది ఆయా రాష్ట్రపు బోర్డు. ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క చట్టము. కాలేజీలో జేరి చదివిన నర్సు చదువుతోబాటే వందలకొలది గంటలు ఆసుపత్రిలో గురువుల యెదుట రోగులకు సేవ చేసి యుండును. దూరవిద్యలో పాఠము ఇంట, పరీక్ష యంత్రముపై, చివర కొలదిదినముల ప్రత్యక్షపరీక్ష. ఈ భేదమును కొన్ని రాష్ట్రములు గణింపవు, కొన్ని గణించును. కాలిఫోర్నియాలో పాఠముతోబాటే రోగిసేవయు జరిగి యుండవలెనని నియమము. జార్జియా చట్టము ఇట్టి పట్టా గలవారిని, అనుభవమును బట్టి ఇన్ని గంటలని, రిజిస్టర్డు నర్సు పర్యవేక్షణమున పనిచేసి చూపుమనును. మా చెల్లెలి పాలికి 480 గంటలు వచ్చినవి. పక్కన నుండి చూచి, నేర్పి, సంతకము చేయు ఆ పెద్ద నర్సును వారు ప్రిసెప్టరందురు. నేను గురువమ్మ యనియే వ్రాసెదను.

చెల్లె లీ సంగతి ఫోనులో జెప్పి యేడ్చినపుడు నాకు కలిగిన కోప మింతింత గాదు. నేను బడికి బోయి చదివినదానను గాను. మా నాయనగారు అరుగుమీద గూర్చుండబెట్టి భారతమును జెప్పగా నేర్చినదానను. కావున నాకు ఏకలవ్యుడు తలంపునకు వచ్చెను. మట్టిబొమ్మ నెదుట నిలుపుకొని ఒంటరిగా విద్య నేర్చిన పిల్లవానిని, తీరా నేర్చిన పిమ్మట బొటనవ్రేలడిగిన కథ యిదియే గదా యంటిని. "అక్కా, వ్రేలడిగినను నిమిషములో ఇచ్చివేయవచ్చును. వీరడుగునది గంటలు. ఆ గంటలు చేయుటకు చోటెవ్వరిత్తురు?" అని చెల్లెలనెను.

చిక్కంతయు నచటనే యున్నది. గురువమ్మను, ఆసుపత్రిని అభ్యర్థినియే వెదకికొనవలెను. ఆసుపత్రులకు దగ్గఱి నర్సు కాలేజీలతో ఒప్పందములుండును. ఉన్న చోట్లన్నియు వారి విద్యార్థినులతో నిండియుండును. ఏ కాలేజీ పంపని ఒంటరి మనిషికి బాధ్యత యెవరు వహింతురు? చెల్లెలు అయిదు నెలలలో ఇరువదియాఱు చోట్లకు వ్రాసినది. పది చోట్లనుండి మర్యాదగా కాదని జవాబు వచ్చెను. తక్కినవారు జవాబే ఈయలేదు. ఇరువదియేడవ జాబునకు మేకన్ నుండి ఒప్పుదల వచ్చినది. దీర్ఘకాలము మంచము పట్టిన రోగులకై ఏర్పడిన చిన్న ఆసుపత్రి యది. పని రాత్రి ఏడు మొదలు ఉదయ మేడు వఱకు, వారమునకు మూడు రాత్రులు. జీతము లేదు. పండ్రెండేసి గంటల చొప్పున నలువది రాత్రులు. మరిది తఱచు పొరుగూళ్లు తిరుగు ఉద్యోగి, పాపకు నాలుగేండ్లు. "అక్కా, రాగలవా?" అని యడిగినది. మావారు బడికి వేసవి సెలవులని చెప్పి, "మన పిల్లలను నేనును అమ్మయు జూచుకొందుము, పొమ్ము" అనిరి.

బెంగుళూరున విమాన మెక్కి దోహా మీదుగా అట్లాంటా చేరితిని. ఒంటరి ప్రయాణము, రాని భాష. నా ధైర్యమంతయు చేతిసంచిలోని వేరుసెనగ పొడి డబ్బాలో నున్నట్లు దానిని వదలక పట్టుకొంటిని. కారులో గూర్చున్న పది నిమిషములకు బాట ప్రక్కన త్రవ్విన గట్టు కంటబడినది. ఎఱ్ఱనేల! మా సీమ నేలవలె ఇనుపరంగు నేల. దానిపై సూదులవంటి ఆకుల పైన్ వృక్షములు. చెల్లెలు నవ్వి, "ఈ రాష్ట్రమున మన పంటయే పండును" అనెను. నిజమే. అమెరికాలో వేరుసెనగ పండించు రాష్ట్రములలో జార్జియాదే మొదటి స్థానము. కదిరి పేరుతోనే వేరుసెనగ రకములు వెలసిన ఊరినుండి పోయినదానను గనుక, ఆ మాటతో నాకు సగము భయము తీఱెను.

అట్లాంటా నుండి మేకన్ దక్షిణముగా సుమారు 85 మైళ్లు. ఎఱ్ఱగుట్టల నేల యచ్చటికి ముగిసి, సముద్రము వైపు వాలు ఇసుకనేల మొదలగును. నది యా సంధిలో దిగును. దాని యొడ్డున ఊరు. ఊరి నడుమ వీధులు మిక్కిలి వెడల్పు, ఇండ్లు ఎఱ్ఱయిటుకలవి, చెట్లనీడ చల్లనిది. లక్షలకొలది చెఱ్ఱీచెట్లు గల ఊరని ప్రసిద్ధి. పూలు మార్చినెలవి గనుక నాకు ఆకులే దక్కినవి.

మేము దిగినది యొక గుజరాతీ దంపతులు నడపు చిన్న బసలో. ఒకటే గది. చెల్లెలు ఉదయ మెనిమిదింటికి వచ్చి, స్నానముచేసి, రెండు ముద్దలు తిని పండుకొనెడిది. పాప లేచియున్నచో దానికి నిద్ర పట్టదు. కావున ఎనిమిదిన్నరకు పాప చేయి పట్టుకొని బయటకు నడచుటయే నా యుద్యోగము. మధ్యాహ్నము రెండింటి వఱకు మాకు గది లేదు. ఇట్లు నాకు మేకన్ చూచు భాగ్యము గలిగినది.

మొదటి వారము నదిగట్టున గూర్చుంటిమి. రెండవ వారము బస యజమానురాలు, నా వచ్చీరాని హిందీకి జాలిపడి, తన కారులో ఆక్మల్గీ దిబ్బలకు గొనిపోయెను. తెల్లవారు ఆ ఖండమునకు రాకమునుపు అచటి ఆదివాసులు బుట్టలతో మన్ను మోసి కట్టిన దిబ్బలవి. ఆ సంవత్సరము మార్చిలోనే వానిని జాతీయ చారిత్రక ఉద్యానముగా ప్రకటించిరి. దిబ్బలలో నొకదాని లోపల సభామందిర మున్నది. వంగి ఇఱుకు దారిలో బోవలెను. లోన వేయేండ్లనాటి మట్టినేల అట్లే యున్నది. చుట్టును గోడవార మట్టితో మలచిన 47 ఆసనములు, ఎదుట పక్షి యాకారముగల అరుగుపై మఱి మూడు. పాప లెక్కపెట్టి, "పెద్దమ్మా, ఇది బడియా?" అని యడిగెను. బడియో, సభయో, ప్రక్కప్రక్కన గూర్చుండి పెద్దల మాట విన్న చోటని చెప్పితిని.

మఱియొకనాడు కాలేజీవీధి యను వీధిలో నడచితిమి. స్త్రీలకు పట్టాలిచ్చుటకై ప్రపంచమున మొదట శాసనాధికారము పొందిన కాలేజీ ఈ యూరిదే. 1836 డిసెంబరులో దానికి శాసనము పుట్టినది. 1840 జూలైలో క్యాథరిన్ బ్రూవర్ అను కన్య మొదటి పట్టా నందుకొన్నది. వెస్లియన్ కాలేజీ యను పేర నేటికిని నడచుచున్నది. ఇపుడు ఊరి వెలుపలనున్నది. మన వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికల బడి పెట్టినది 1874లో. ఆ వీధిలో నిలిచి ఈ రెండు సంవత్సరములను తలచుకొంటిని. అయితే మొదట ఎవరికొఱకు తలుపు తెఱచిరో, ఎవరికి తెఱవలేదో గూడ తెలిసికొనవలసి యున్నది. ఆ సంగతి నాకు గురువమ్మ వలన దెలిసెను.

గురువమ్మ అఱువదికి దగ్గఱపడిన నల్లజాతి స్త్రీ. నర్సుగా ముప్పదియేండ్ల అనుభవము. మొదటివారము నేను పంపిన వేరుసెనగ పొడికి బదులుగా ఉప్పునీట ఉడికించిన వేరుసెనగకాయలు ఒక సంచెడు పంపెను. మా యింట తొలకరి కాయలు వచ్చినపుడు ఉడికించుకొనునట్లే! జార్జియాలో నది బాట ప్రక్కన అమ్ము తినుబండారమట. ఒక ఉదయము చెల్లెలిని దింపుటకు వచ్చి, గది గడపలో నిలిచియే నాతో రెండు మాటలాడెను. లైసెన్సు కొఱకు మీ చెల్లెలు గంటలు లెక్కపెట్టుచున్నది, మావారొకామె ఏండ్లు లెక్కపెట్టినదని లూడీ యాండ్రూసు కథ చెప్పెను. అట్లాంటాలోని స్పెల్‌మన్ విద్యాలయమున 1906లో నర్సు విద్య ముగించిన ఆమెకును, ఆమె జాతి నర్సులందఱికిని జార్జియాలో లైసెన్సు దొరకకుండెను. ఆమె న్యాయస్థానమున కెక్కినది. నీ యొక్కదానికి ఇచ్చెదమన్నను, మావారందఱికిని పరీక్ష వ్రాయ హక్కీయక పోయిన నాకక్కఱలేదని నిలిచి, పదియేండ్ల పోరాటము పిదప 1920లో గెలిచినది. చెల్లెలు తెలుగు చేసి చెప్పుచుండగా వింటిని. మాది చిన్న కష్టమని గురువమ్మ యనలేదు. అయినను నాకట్లు తోచి, తల వంచుకొంటిని.

ఇరువదియేడవ రాత్రి సంగతి చెప్పెదను. ఆ ఉదయము చెల్లెలు వచ్చి స్నానము చేయలేదు, తినలేదు. మంచముపై గూర్చుండి చేతులు చూచుకొనుచుండెను. రోగి యొకనికి రక్త మెక్కించవలసి వచ్చెనట. రక్తపు సంచిపై పేరును, సంఖ్యను, రోగి మణికట్టు పట్టీపై పేరును, సంఖ్యను ఇద్దఱు నర్సులు మంచము చెంతనే నిలిచి చదివి సరిచూచిరి. నాడి, జ్వరము, రక్తపుపోటు వ్రాసికొనిరి. మొదట మెల్లగా ఎక్కించుచు, పదునైదు నిమిషములు నర్సు రోగిని విడిచి కదలరాదు. పదకొండవ నిమిషమున రోగి, "చలిగా నున్నది" అనెను. అది జూలై నెల. చెల్లెలు వెంటనే దుప్పటికై తిరిగెను. తిరుగునంతలో గురువమ్మ చేయి ముందుకు వచ్చి గొట్టపు బిగింపు నొక్కి రక్తము నాపివేసెను. "ముందు ఇది. దుప్పటి తరువాత" అని మాత్రమనెను. క్రొత్త గొట్టముతో సెలైను పెట్టిరి, డాక్టరును బిలిచిరి, సంచిని గొట్టముతోసహా రక్తనిధికి ద్రిప్పి పంపిరి. కొంతసేపటికి వణకును జ్వరమును వచ్చి, తెల్లవారునప్పటికి రోగి కుదుటపడెను.

"ఈ ప్రశ్నయే నాకు పరీక్షలో వచ్చినదక్కా" అని చెల్లెలనెను. "చలియన్నచో మొదట ఏమి చేయవలెనని. రక్తము నాపవలెనని సరిగానే గుర్తించితిని. కాని మనిషి వణకుట చూడగానే నా కాళ్లు దుప్పటి వైపు నడచినవి."

నేనైనను దుప్పటియే తెచ్చియుందును. మనలో ఎవరైనను అదియే చేసియుందురు. చలియన్న బిడ్డకు కప్పుట మన చేతులకు పుట్టుకతో వచ్చిన విద్య. అది మంచి విద్యయే. ఆ మంచము చెంత మాత్రము రెండవది. వృద్ధుల ఆశ్రమమున ఆరేండ్లు చేసిన సేవ చెల్లెలికి దయ నేర్పినది. పుస్తకము కారణము నేర్పినది. ఈ రెంటిలో ఏది ముందు కదలవలెనో చేతికి నేర్పినది ఆ యొక్క నిమిషము. గురువమ్మ ప్రక్కన లేకున్న ఆ నిమిషమునకు మూల్యము రోగి చెల్లించియుండును. ఇట్టి నిమిషము ఏ గంటలో వచ్చునో ముందు తెలియదు గనుకనే కాబోలు, అన్ని వందల గంటలు!

ఆ వారము పాపను తీసికొని నది దాటి ఆవలి యొడ్డున నడచితిని. రాష్ట్రపు లైసెన్సు కార్యాలయములు అట్లాంటా రాజధానిలో గాక ఆనాడీ మేకన్‌లోనే యుండెను. నర్సుల బోర్డును అచటిదే. సాధారణమైన కట్టడము, ముందు కార్లు నిలుపు స్థలము. మేలోనైనచో దానిని చూచి మండిపడి యుందును. జూలైలో నాకు కోపము రాలేదు. ద్రోణుడు వ్రేలు గైకొని వెడలిపోయెను. ఏకలవ్యుని చెంత ఒక్కదినమైనను గూర్చుండలేదు. ఇచట కోరినదియే గురువు ప్రక్కన గూర్చుండుట. ఆ కోరికలో నాకు తప్పు తోచలేదు. అయినను ఒక్క మాట మిగిలియున్నది. గంటలు కోరు లోకము వానికి చోటు చూపదు. ఇరువదియేడవ జాబు వ్రాయు నోపిక లేనివారి గతి యేమి? చెల్లెలికి అక్క యుండెను. లేనివారి కేది దారి? నియమము న్యాయమైనదే. దానిని నెఱవేర్చు భారమంతయు ఒంటరి స్త్రీ తలపై వేయుట న్యాయమని నేను ఒప్పుకొనలేను.

ఆగస్టు మొదట గురువమ్మ ఇంట నొక మరణము సంభవించి ఆమె యొక వారము రాలేదు. బోర్డునకు తెలిపినది ఆమె పేరే గనుక వేఱొకరిచేత సంతకము చేయించుటకు లేదు. ఆమె తిరిగి రాకున్న మొదటికి వచ్చునేమోయని చెల్లెలు ఆ వారము సరిగా నిద్రపోలేదు. బస అద్దె, పెట్రోలు, పోయిన జీతము కాగితముపై వేసివేసి మరిది మౌనము వహించెను. ఎనిమిదవనాడు గురువమ్మ వచ్చి, దుఃఖమును గూర్చి యొక మాటయు నెత్తక, "మనకింక ఎన్ని మిగిలినవి?" అని యడిగినదట. ఆ మనకు అను మాటను చెల్లెలు నాకు మూడుసార్లు చెప్పినది.

ఆగస్టు చివర నలువదవ రాత్రి ముగిసెను. ప్రతిరాత్రికి నొక వరుస, వరుస కొక సంతకము. చివర 480 అని గురువమ్మయే వ్రాసెను. నేను కదిరికి వచ్చిన నెల దాటిన పిదప, ఒకనాటి రాత్రి చెల్లెలు ఫోనులో తన జార్జియా లైసెన్సు సంఖ్యను అంకె అంకెగా చదివి వినిపించినది. అర్థము లేని అంకెలను అంత సంతోషముతో నేనెన్నడును వినలేదు.

విదేశములందు బిడ్డలున్న సోదరీమణులకు నా అనుభవముచే గొన్ని మాటలు మనవి చేయుచున్నాను. దూరవిద్యతో నర్సు కావలెనని మీ అమ్మాయి తలచినచో, రుసుము కట్టకమునుపే తానున్న రాష్ట్రపు బోర్డును, ముందు పోగల రాష్ట్రపు బోర్డును వ్రాతమూలకముగా నడిగి, జవాబును భద్రపఱచుకొనవలెను. విద్యాలయము పట్టా నిచ్చును. లైసెన్సు నిచ్చునది బోర్డు. గంటలు చేయవలసినచో చోటును, గురువును ముందు చూచుకొని, ఏ పని లెక్కకు వచ్చునో అడిగి మొదలుపెట్టవలెను. ప్రతిదినపు లెక్కను ఆ దినమే సంతకము చేయించుకొని, నకలు ఇంట నుంచుకొనవలెను. మన దేశమునను నర్సు విద్యను మొదటినుండి దూరవిద్యగా నేర్చుటకు వీలులేదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయమువారు 1994లో పెట్టిన తరగతియు అప్పటికే నర్సులుగా నమోదైనవారి కేర్పడినదే.

తొలకరి కాయలు వచ్చినపుడు ఇప్పటికిని నేను ఉప్పువేసి ఉడికించుచు మేకన్‌ను తలచుకొందును. ఆ యూరి చెఱ్ఱీపూలను నేను చూడలేదు. పాపకు మాత్రము ఆ మట్టిమందిరములోని ఆసనముల లెక్క ఇంకను జ్ఞాపకమున్నదట.